గీత వెంబడి కోసిన కాగితం

"పేజీ కోసింది నువ్వే. ఇంకెవరికీ ఆ అవసరం లేదు," అన్నాడు చరిత్ర మాస్టారు.

ఆమె చూపు పక్కకి పోయింది. కౌంటరు మీద తేదీ ముద్ర ఉంది. పొద్దున్నే దాన్ని ఇవాళ్టికి తిప్పాల్సింది తను. మర్చిపోయింది. రబ్బరు అంకెలు ఇంకా నిన్నటి తేదీనే చూపిస్తున్నాయి. ఎదురుగా మనిషి నిలబడి దొంగతనం అంటగడుతుంటే మనసు వెళ్ళి వెళ్ళి ఆ అంకెల దగ్గరెందుకు ఆగిందో ఆమెకే అంతు పట్టలేదు.

గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. నాలుగింటికి కమిటీ.

ఇంతవరకు జరిగింది ఇది. కాలేజీ వాళ్ళు ఏడాదిలోని ప్రతి రోజుకీ ఒక పేజీ చొప్పున పుస్తకం వేస్తున్నారు. ఏ రోజు సెలవు, ఎందుకు సెలవు, ఆ రోజు పుట్టిన ప్రముఖుడెవరు, పోయినవాడెవరు. రాసేది చరిత్ర మాస్టారు. తేదీలు వెతికి పెట్టేది లైబ్రరీలో రిఫరెన్సు విభాగం చూసే ఈమె. అందులో ఒక తేదీని మాత్రం ఆమె వెతకనక్కర్లేదు. ముప్పై ఒక్కేళ్ళ కిందట, ఆమెకు ఎనిమిదో ఏడు నడుస్తుండగా, ఆ రోజు పాత వంతెన కూలి బస్సులోని పదకొండు మంది పోయారు. నీళ్ళు ఎర్ర గుర్తు దాటగానే వంతెన గేటు మూసెయ్యాలి. ఆ రోజు ఎవరూ మూయలేదు. గేటు కాపలాదారు ఆమె తండ్రి. "ఆ రోజు నాకు సెలవు, గేటు దగ్గర బదులు మనిషి ఉన్నాడు" అని ఆయన కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాడు, ఆ మనిషి పేరు మాత్రం చెప్పలేదు. గేటు రిజిస్టరులో చూస్తే ఆయన సంతకమే ఉంది. మూడేళ్ళు జైల్లో ఉండి వచ్చి, మరో ఏడాదికి పోయాడు.

కిందటి వారం ఆమె గ్రహణాల లెక్కలు కట్టిన ఒక శాస్త్రవేత్త పోయిన తేదీ కోసం ఆ ఏటి ప్రభుత్వ గెజిట్ విషయసూచిక తిరగేసింది. సంపుటాలన్నీ కుట్టేశాక, మరుసటి ఏడు విడిగా అచ్చయి వచ్చిన సన్నటి పుస్తకం అది. అందులో ఒక పంక్తి: శాస్త్రవేత్త మృతి, మర్నాడు సెలవు, వంతెన గేట్ల సిబ్బంది విషయం. మర్నాడంటే వంతెన కూలిన రోజు. పరుగున వెళ్ళి సంపుటం తీసింది. ఆ ఉత్తర్వు ఉన్న పేజీ అందులో లేదు. ఊళ్ళో ఉన్నది ఆ ఒక్క ప్రతే. అప్పటి విచారణలోనూ ఆ ప్రతే చూసి, గేట్ల వాళ్ళకి సెలవిచ్చిన దాఖలా లేదని తేల్చేశారు.

కొత్త వంతెన మొదట్లో నాటడానికి నల్లరాయి సిద్ధంగా ఉంది. దాని మీద చెక్కే వాక్యాన్ని ఇవాళ నాలుగింటికి కమిటీ ఖాయం చేస్తుంది. చరిత్ర మాస్టారు రాసిచ్చిన వాక్యంలో 'కాపలాదారు నిర్లక్ష్యం వల్ల' అన్న మూడు మాటలున్నాయి. ఆమె తల్లి రోజూ ఆ వంతెన మీదుగానే నడిచి వెళ్ళి కూరలు తెచ్చుకుంటుంది.

"మాట్లాడవేమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్. ఆయన కసురుకునే మనిషి కాదు. చేతి గడియారాన్ని మాత్రం మాటిమాటికీ చూసుకుంటున్నాడు.

"నేనెందుకు కోస్తానండీ? ఆ పేజీ ఉంటే మా నాన్నకే మంచిది."

"ఎలా మంచిది? సూచికలో ఏముంది, గేట్ల సిబ్బంది విషయం అని ఉంది," అన్నాడు మాస్టారు. "సెలవు ఉందని ఉందా, లేదని ఉందా? లేదనే ఉండొచ్చుగా. అది చూశావు, పేజీ లేపేశావు. ఇప్పుడు సూచిక పట్టుకుని మా ముందు కూర్చున్నావు. తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గర."

"బ్లేడు?"

"అదీ నా దగ్గరే. పెన్సిళ్ళు చెక్కుతాను."

"ఇంకేం మరి. మీరే విన్నారుగా సార్."

ఆమె సంపుటాన్ని దగ్గరికి లాక్కుంది. కోపం రావాల్సిన చోట ఏమీ రాలేదు. మడిచి కూర్చుంటే కాలు తన కాలు కానట్టు అయిపోతుందే, అలా ఉంది లోపలంతా. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. సంపుటాన్ని పేజీ పోయిన చోట తెరిచి, కిటికీ వెలుగు పడేలా వాల్చి పట్టుకున్నాయి.

"సార్, ఒక్కసారి ఇటు చూడండి. పుస్తకంలో ఏ ఆకూ ఒంటరిగా ఉండదు. పెద్ద కాగితాన్ని మధ్యకి మడిచి మడతలో కుడతారు. ఇటు సగం ఒక ఆకు, అటు సగం ఇంకో ఆకు. ఇటుది కోసేస్తే అటుదానికి పట్టు పోతుంది. నాలుగు రోజుల్లో ఊడి చేతికొచ్చేస్తుంది."

"అయితే?"

"ఈ పేజీకి జోడు ఆకు ఇదిగో, చేపల రేవు వేలం ప్రకటన. ఊడిపోలేదు. కుట్టు దగ్గర దీనికి సన్నటి కాగితం పట్టీ వేసి అతికించారు. అతుకు కనపడకుండా మడతలోకి నొక్కేశారు. దొంగ ఎవడైనా కోసుకుని పోతాడు. మిగిలిన ఆకు పడిపోతుందేమోనని కూర్చుని పట్టీ వెయ్యడు."

ప్రిన్సిపాల్ వంగి చూశాడు. వేలితో తడిమాడు. చూపుకి అందని అతుకు వేలికి అందింది.

"నీకూ వచ్చుగా ఆ పని," అన్నాడు మాస్టారు. "బైండరు దగ్గర నేర్చుకున్నావని కాలేజీ అంతా చెప్పుకుంటుంది."

"వచ్చండీ. అందుకే అతుకు ఎప్పటిదో తేల్చమంటున్నాను. నిన్నటిదైతే నేనే. నాకు ఎనిమిదేళ్ళప్పటిదైతే నేను కాదు."

మాస్టారు మొదటిసారి తటపటాయించాడు. "ఎవరు తేలుస్తారు?"

"ఇంకెవరు," అన్నాడు ప్రిన్సిపాల్. "మన బైండరునే పిలిపిద్దాం."

ఆ మాట ఆమెకూ నచ్చింది. ఈ భవనంలో తన తరఫు మనిషి ఎవరైనా ఉన్నారంటే ఆయన ఒక్కడే.

* * *

బైండరు గది మెట్ల కింద ఉంది. తండ్రి జైలుకు వెళ్ళిన ఏడు ఆమె బడి నుంచి వచ్చి ఆ గదిలోనే కూర్చునేది. ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదు, తల్లి నాలుగిళ్ళ పనికి వెళ్ళేది. బైండరు ఆమె చేతికి సూదీ దారం ఇచ్చి, "నా కళ్ళకి ఆనడం లేదు, ఎక్కించి పెట్టు సూదమ్మా" అనేవాడు. అప్పటికి ఆయనకి చత్వారం వచ్చే వయసు కూడా కాదు. ఆ సంగతి ఆమెకి పెద్దయ్యాక గాని తట్టలేదు. ఆయన చేతికి ఎప్పుడూ మైదా జిగురు అంటి ఉండేది కాబట్టి ఆమె జిగురు మామయ్య అని పేరు పెట్టింది. తల్లికి ఆయన అన్నయ్య. రక్తసంబంధం ఏమీ లేదు, తండ్రి స్నేహితుడు. డిగ్రీ అయ్యాక ఈ ఉద్యోగానికి దరఖాస్తు తెచ్చి నింపించింది కూడా ఆయనే.

ఆయన కాగితం మడతలు నొక్కే ఎముక బద్ద జేబులో పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చాడు. వెనకే ఆమె తల్లి కూడా వచ్చింది. రాయి మీద ఆ మాటలు వద్దని రాసిన అభ్యంతర పత్రం మీద భార్య సంతకం కావాలన్నారు. అందుకే నాలుగింటికి రమ్మని కూతురు పొద్దున ఫోన్ చేసింది. ఆవిడ గంట ముందే బయల్దేరింది. మోకాళ్ళు సహకరించక మెట్ల మొదట్లో ఆగిపోతే, బైండరు చెయ్యి అందించి పైకి తీసుకొచ్చాడు.

"నిదానంగా చెల్లెమ్మా, మనకేం పరుగు పందెం లేదు. అదిగో కుర్చీ."

"నువ్వుండు అన్నయ్యా, నీ మోకాళ్ళు మాత్రం పదహారేళ్ళవా ఏమిటి," అంది ఆవిడ. కూర్చుని కూడా ఆయన చెయ్యి వదల్లేదు.

ప్రిన్సిపాల్ విషయం చెప్పాడు. బైండరు నవ్వాడు. "ఏమిటండీ బాబూ, అయిదో క్లాసు తప్పినవాణ్ణి పట్టుకొచ్చి డాక్టరుని చేశారు. ఏదీ, రోగిని చూపించండి."

సంపుటాన్ని ఆయన ముందుకి జరిపారు. ఆయన దాన్ని తెరవలేదు. అట్ట మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇది నేను కుట్టిందే," అన్నాడు. "ఈ ఊళ్ళో పుస్తకాలూ రిజిస్టర్లూ అన్నీ నా చేతి మీదుగా వెళ్ళినవేగా. కాలేజీవి, కోర్టువి, వంతెన ఆఫీసువి."

"అతుకు ఎప్పటిదో చెప్పగలవా?" అన్నాడు మాస్టారు.

బైండరు తెరిచి చూశాడు. చాలాసేపు చూశాడు. "పాతదే. సూదమ్మ పని కాదు. ఆ సంగతి నేను ఎవరి ముందైనా చెప్తాను."

"ఎంత పాతది?"

"ఎంతంటే ఏం చెప్పను. ఇరవయ్యో, ముప్పయ్యో."

"ఆధారం?"

"నా మాటే."

"నీ మాట ఎలా సరిపోతుంది? పెంచిన పిల్లకి నువ్వు కాక ఇంకెవరు సాక్ష్యం చెప్తారు?"

ప్రిన్సిపాల్ మళ్ళీ గడియారం చూసుకున్నాడు. మూడు దాటి ఇరవై నిమిషాలు. ఆమె ఈ మాటలేవీ వినడం లేదు. పట్టీని చూస్తోంది. బైండరు గది జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం కలుపుతారు. పాత అతుకుల మీద దాని రంగు లేత ఆకుపచ్చగా తేలుతుంది. ఈ పట్టీ అంచున ఆకుపచ్చ ఉంది. మధ్యలో ఇంకో రంగు కూడా ఉంది. కాగితం లోపలివైపు నుంచి పైకి ఊరినట్టు, సన్నగా ఊదా.

"ఈ పట్టీ ఏ కాగితంతో వేశారు?" అంది ఆమె.

"ఏదో చిత్తు కాగితం అమ్మా. పట్టీలకి మంచి కాగితం ఎవడు కోస్తాడు?"

"లోపలివైపు రాత ఉంది. ఊదారంగు దిగింది. తడి తగిలితే ఊదా తేలే పెన్సిలు." ఆమె ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. "చిత్తు కాగితం మీద తేదీ గాని, ఏ పరీక్ష పేరు గాని ఉంటే సరిపోతుంది సార్. అతుకు ఎప్పటిదో అదే చెప్తుంది. తీస్తాను."

"తియ్యకు," అన్నాడు బైండరు.

అందరూ ఆయన వైపు చూశారు.

"చిరిగిపోతుందమ్మా. పాత జిగురు. ఆకుతో సహా లేచొస్తుంది. ఇన్నేళ్ళు నిలిచిన పుస్తకం."

"చిరక్కుండా తీయడం నువ్వే నేర్పావుగా మామయ్యా. తడి అద్దుడు కాగితం పది నిమిషాలు. తర్వాత ఎముక బద్ద, చివరి నుంచి."

"అయితే ఇటివ్వు, నేను తీస్తాను."

ఆయన నీళ్ళ గిన్నెలో కుంచె ముంచి పైకి తీశాడు. కుంచె నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అంత తడి పెడితే కాగితం ముద్దయిపోతుంది. ఆ సంగతి ఆయనకి తెలిసినంతగా ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆమె కుంచె వైపు చూసింది, ఆయన వేళ్ళ వైపు చూసింది. ఏమీ అనకుండా గిన్నెనీ కుంచెనీ తన వైపు జరుపుకుంది. అద్దుడు కాగితం చెమ్మ చేసి, పిండి, పట్టీ మీద పరిచి, పైన అద్దం పలక బరువు పెట్టింది.

పది నిమిషాలు ఆగాలి. ఆలోగా తల్లి బైండరుని పలకరించింది.

"ఏమిటన్నయ్యా, చెయ్యి చల్లగా ఉంది. మధ్యాహ్నం అన్నం తిన్నావా?"

"తిన్నాను."

"ఏం తిన్నావు? నీ మొహం చూస్తే తిన్నట్టు లేదు."

ఆవిడ ఆయన చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని రుద్దసాగింది.

ఆమె అది చూస్తోంది. ఆమెకి అప్పటికే సగం తెలిసిపోయింది. తెలిసిందాన్ని తలలోకి రానివ్వకుండా చేతులు చూసుకుంటోంది. అద్దం పలక తీసింది. కాగితం తీసింది. ఎముక బద్ద కోసం చెయ్యి చాపితే బైండరు జేబులోంచి తీసి ఇచ్చాడు. కాదనలేదు. బద్ద ఆయన ఒంటి వేడికి వెచ్చగా ఉంది.

పట్టీ చివర లేచింది. కొంచెం కొంచెంగా, ఆయన నేర్పినట్టే, ఊపిరి బిగబట్టి లాగింది. ఒక్క నలుసు కూడా చిరగలేదు. మూరెడు పొడుగు, వేలెడు వెడల్పు. తిరగేసి అద్దం మీద పరిచింది.

అడ్డగీతలున్న కాగితం అది. బైండరు గదిలో ఒక పద్ధతి ఉంది. చిత్తు కాగితానికి గీతలుంటే కత్తెర గీత వెంబడే నడవాలి. అడ్డదిడ్డంగా కోస్తే కాగితం దండగ అని ఆయన ఆమె వేళ్ళ మీద తట్టి మరీ చెప్పేవాడు. ఈ పట్టీని కూడా పై గీత వెంబడి, కింది గీత వెంబడి, ఒక్క వెంట్రుకవాసి పక్కకి పోకుండా కోశారు. అందుకే రెండు గీతల మధ్య ఉన్న ఒక వరుస మొత్తం, ఈ చివర నుంచి ఆ చివరకి, అక్షరం తెగకుండా మిగిలింది.

తడికి అక్షరాలు ఊదాగా విప్పుకున్నాయి.

మొదటి గడిలో తేదీ. ముప్పై ఒక్కేళ్ళుగా వాళ్ళింట్లో ఎవరూ నోటితో అనని తేదీ. రెండో గడిలో గేటు నంబరు. మూడో గడిలో ఆమె తండ్రి పేరు, దాని మీద అడ్డంగా ఒక గీత, పక్కన 'సెలవు' అన్న మాట. నాలుగో గడి మీద పైన ఏమి అచ్చయి ఉండేదో ఆమెకి తెలుసు. చిన్నప్పుడు తండ్రి ఒళ్ళో కూర్చుని ఆ రిజిస్టరు పేజీలు లెక్కపెట్టింది. నాలుగో గడి బదులు మనిషిది.

"ఏమిటది?" అన్నాడు ప్రిన్సిపాల్.

"వంతెన గేటు రిజిస్టరు సార్. అసలు పేజీ. ఇందులో ఒక వరుస." ఆమె గొంతు ఆమెకే పక్క గదిలోంచి వినపడ్డట్టుంది. "విచారణలో చూపించింది నాన్న పేరుతో దొంగ సంతకం పెట్టి, తర్వాత కుట్టి చేర్చిన పేజీ అయి ఉంటుంది. దీన్ని తీసేసి పట్టీలుగా కోశారు."

చరిత్ర మాస్టారు కళ్ళజోడు సవరించుకుని ముందుకి వంగాడు. సెలవు అన్న మాట చదివాడు. ఇంకోసారి చదివాడు. రాయి మీద చెక్కే వాక్యం ఉన్న కాగితం జేబులోంచి తీసి, మడత విప్పకుండా బల్ల మీద పెట్టేశాడు.

"నేను నిన్ను అన్నది..." అని మొదలుపెట్టి ఆపేశాడు. "నాలుగో గడిలో ఎవరు? నాకు చదవడం రావట్లేదు. అక్షరాలు ఊరిపోయాయి."

ఆమెకి ఊరిపోయినట్టు లేవు. ఒకసారికి పెట్టుకున్న మనుషుల పేర్లు ఆ ఆఫీసులో రాసేవాళ్ళు కాదు, చేసే పనే రాసేవాళ్ళు. చాకలి, వడ్రంగి అని. ఇక్కడ 'పుస్తకాల బైండరు' అని రెండు మాటలున్నాయి. వాటి పక్కనే సంతకం. ఆ సంతకం ఆమె బడి రిపోర్టు కార్డుల మీద, తండ్రి లేని ప్రతి ఏడూ, సంరక్షకుడు అన్న చోట ఉంటూ వచ్చింది.

ఆమె తలెత్తింది. బైండరు ఆమె వైపు చూడటం లేదు. పట్టీ వైపు చూస్తున్నాడు. పాత పనిని పరీక్షగా చూసుకునే పనివాడి చూపు.

"కాల్చెయ్యాల్సింది," అన్నాడు మెల్లగా, ఎవరితోనూ కాదు. "కాగితం కాల్చడం ఏనాడూ చేతకాలేదు."

తల్లికి అది అర్థం కాలేదు. ఆవిడ చేతులు ఇంకా ఆయన చేతిని రుద్దుతూనే ఉన్నాయి.

"ఎవరమ్మా?" అంది. "మీ నాన్న చెప్పిన ఆ బదులు మనిషి దొరికాడా? ఆయన పోయేముందు కూడా అదే అన్నారు, పేరు చెప్పనన్నారు, చెప్తే మీ ఇద్దరికీ దిక్కుండదన్నారు. ఎవరి గురించన్నారో నాకు ఈనాటికీ తెలియదు. చెప్పు. ఎవరు?"

అంటే నాన్నకి తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఆ మాట కూడా వచ్చి ఆమె లోపల ఎక్కడో పడింది. పడ్డ చప్పుడు మాత్రం వినపడలేదు.

గడియారం నాలుగుకి ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. కింద మెట్ల మీద కమిటీ వాళ్ళ మాటలు దగ్గరవుతున్నాయి. బదులు మనిషి ఎవరో చెప్పకపోతే కమిటీ ఈ ఒక్క పట్టీని నమ్మదు, రాయి మీద ఆ మూడు మాటలు ఉంటాయి. చెప్తే, తన తల్లికి ఈ ప్రపంచంలో మిగిలిన ఒక్క అన్నయ్య ఉండడు.

ఆమె పట్టీ మీద వేలు ఆనించింది. వేలికి ఊదారంగు అంటింది.

"జిగురు మామయ్య," అంది.